లేనిదేమిటో చూసి కొనాలి

పాట రికార్డు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్, అందులో ఏ ఎడిషన్? సోలాపూర్ అశోక్ చౌక్‌లాంటి మగ్గాల పేటల్లో చేతిలో ఉన్న కొద్ది డబ్బును ముందుగా దేనిమీద పెట్టాలి?

మగ్గాలు ఆగాయి. అప్పటిదాకా గోడల్ని వణికించిన మోత ఒక్కసారిగా తగ్గేసరికి గల్లీలో కొళాయి నీళ్ల చప్పుడు, వీధి మలుపులో మరాఠీలో కూరగాయలమ్మే కేక వినిపిస్తున్నాయి. మగ్గాల షెడ్డుకు ఆనుకుని ఉన్న గదిలో నలుగురు ఆడవాళ్లు బీడీల చాటలు పక్కకు నెట్టి ఒకే మైకు ముందు ఒదిగి నిల్చున్నారు. బతుకమ్మ దగ్గరపడింది. ముందు పాడేది అవ్వ, వెనక అందుకునేది కోడళ్లు. లాప్‌టాప్ ముందున్న మనవడు “అవ్వా, ఇంకొక్కసారి మొదటినుంచి” అంటాడు. మూడోసారికి పాట కుదురుతుంది. హెడ్‌ఫోన్ ఒకరి చెవినుంచి ఒకరి చెవికి మారుతుంది. పిల్లవాడు ఫైలు సేవ్ చేసి నిద్రపోతాడు. తెల్లవారి ఆ ఫైలును మళ్లీ తెరవబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అది డబ్బు కట్టని ట్రయల్ కాపీ. సేవ్ చేయనిస్తుంది, పాటను ఆడియో ఫైలుగా బయటికి తీసుకోనిస్తుంది, కానీ సేవ్ చేసిన ప్రాజెక్టును తిరిగి తెరవాలంటే లైసెన్సు అడుగుతుంది. నిన్న కూడిన నలుగురూ ఇవాళ మళ్లీ కూడాలంటే నలుగురి పనులూ ఆగాలి.

ఈ దృశ్యం ఏ ఒక్క ఇంటిదీ కాదు. అందులోని ఇబ్బంది మాత్రం నిజమైనది. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్ ఇలాగే పనిచేస్తుందని దాన్ని తయారుచేసే బెల్జియం కంపెనీ ఇమేజ్-లైన్ దాచకుండానే చెబుతుంది. వాడేవాళ్లు ఆ మాట చదవరు. చదవకపోవడానికి కారణం ఉంది. సాఫ్ట్‌వేర్ అమ్మే ప్రతి ప్రకటనా అందులో ఏమేం ఉన్నాయో పెద్ద అక్షరాల్లో చెబుతుంది, లేనివాటిని పోలిక పట్టిక అడుగున చిన్న గుర్తులతో సరిపెడుతుంది. కొద్ది డబ్బుతో కొనేవాళ్లు మొదట చూడాల్సింది ఆ అడుగు వరసనే. తన పాటకు తప్పనిసరిగా కావలసిన పని ఏ ఎడిషన్‌లో లేదో తెలుసుకుంటే, ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో కూడా తేలిపోతుంది.

మూడు భాషల ఊళ్లో తెలుగు పాట

పంతొమ్మిదో శతాబ్దంలో తెలంగాణ ప్రాంతం నుంచి చేనేత కుటుంబాలు సోలాపూర్‌కు వలస వచ్చాయి. 1877లో ఇక్కడ నూలు మిల్లు మొదలయ్యాక వలస ఇంకా పెరిగింది. వాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. మగవాళ్లకు మగ్గం, ఆడవాళ్లకు బీడీ అనే జీవనం అశోక్ చౌక్, సాఖర్ పేట్, అక్కల్‌కోట్ రోడ్ పరిసరాల్లో తరతరాలుగా సాగింది. సోలాపూర్ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది, ఇక్కడి టెర్రీ టవళ్లు దేశదేశాలకు పోతున్నాయి. వాటిని నేసినవాళ్లు పాడుకునే పాటలకు మాత్రం అలాంటి గుర్తింపు లేదు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ రథోత్సవంలో పాడేవి, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడేవి, పెళ్లిళ్లలో పాడేవి నోటినుంచి నోటికే వస్తున్నాయి.

ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పక్క గల్లీలో కన్నడం. ఇలాంటి ఊళ్లో పాట నిలవాలంటే ఆ పాట వచ్చినవాళ్లు పాడుతూ ఉండాలి, రానివాళ్లు వింటూ ఉండాలి. సినిమా పరిశ్రమకు సోలాపూర్ తెలుగు యాస అక్కర్లేకపోవచ్చు, అక్కడి మనవరాలికి కావాలి. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన కథాగానం థియేటర్లలో జనాన్ని ఏడిపించింది. పల్లె గొంతుకు వినేవాళ్లు లేరన్న వాదన అక్కడితో వీగిపోయింది. యూట్యూబ్‌లో తెలంగాణ జానపద పాటలకు వచ్చిన ఆదరణ కూడా ఆ మాటే చెబుతోంది. అందుకే ఇంట్లో పాట రికార్డు చేసుకోవాలన్న కోరిక ఇవాళ షోకు కింద లెక్కకు రాదు. దానికోసం ఒక బీడీ కార్మికురాలి ఇల్లు పెట్టే ప్రతి రూపాయికీ జవాబుదారీ ఉండాలి.

ఎడిషన్ల గీత ఎవరు గీస్తారు?

ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు మూడు ధరలకు అమ్మినప్పుడు, ఖరీదైనదానిలో మెరుగైన సరుకు, చౌకదానిలో నాసిరకం సరుకు ఉంటాయని మనం అనుకుంటాం. చద్దరు విషయంలో అది నిజం, నూలు మారితే ధర మారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు. చాలా సందర్భాల్లో లోపలి యంత్రాంగం ఒకటే, కొన్ని తలుపులు మూసి ఉంటాయి. ఏబుల్టన్ లైవ్ తీసుకోండి. ఇంట్రో, స్టాండర్డ్, స్యూట్ అని విడిగా అమ్మే ఎడిషన్లు మూడు. ఇంట్రో ధర 99 డాలర్లయితే స్యూట్ 749 డాలర్లు. గొంతును నమోదు చేసే నాణ్యతలో వాటికి తేడా లేదు. తేడా ఎక్కువగా ట్రాకుల (విడివిడిగా రికార్డయ్యే వరసల) సంఖ్యలో, వెంట వచ్చే వాయిద్యాల, ఎఫెక్టుల మూటలో ఉంటుంది.

ఈ గీత సాంకేతిక అవసరం కొద్దీ గీసింది కాదని, వ్యాపార నిర్ణయమని చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. స్టూడియో వన్‌ను ఆర్టిస్ట్, ప్రొఫెషనల్ అంటూ వేర్వేరుగా అమ్మిన ప్రీసోనస్ కంపెనీ 2024లో ఏడో వెర్షన్‌తో ఆ తేడా తీసేసి ఒకే ఎడిషన్ చేసింది. రీపర్ మొదటినుంచీ వేరే దారి పట్టింది. విన్‌యాంప్ అనే మ్యూజిక్ ప్లేయర్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్‌కు రెండు లైసెన్సులున్నాయి, ఒకటి 60 డాలర్లు, ఇంకొకటి 225 డాలర్లు. రెండింటిలోనూ ప్రోగ్రాం అక్షరం తేడా లేకుండా ఒకటే. సొంతానికి వాడుకునేవాళ్లు, ఏడాది రాబడి 20,000 డాలర్లు దాటని చిన్న వ్యాపారులు తక్కువ ధర కడతారు, మిగతావాళ్లు ఎక్కువ కడతారు. ఇక్కడ ధరను నిర్ణయించేది వాడేవాడి స్తోమత. అశోక్ చౌక్ ఇంటికి ఇంతకంటే న్యాయమైన పద్ధతి దొరకదు.

చౌక ఎడిషన్ కొని మోసపోయామని బాధపడేవాళ్ల కథ ఎక్కువగా ఒక్కచోటే మొదలవుతుంది. ఎఫ్‌ఎల్ స్టూడియోలో అన్నిటికంటే చౌకైన ఫ్రూటీ ఎడిషన్ 99 డాలర్లకు ఎన్నో ఏళ్లు అమ్ముడైంది. బీట్లు కట్టడానికి అది చక్కని పనిముట్టు. కానీ మైకునుంచి గొంతును పాట వరసలోకి రికార్డు చేసే సౌకర్యం ఆ ఏళ్లలో దానికి లేదు. దానికోసం పైనున్న ప్రొడ్యూసర్ ఎడిషన్ కొనాల్సి వచ్చేది. డీజేకు ఆ లోటు తెలియనే తెలియదు. బతుకమ్మ పాట పాడే అవ్వకు ఆ 99 డాలర్లూ వృథా. ధర తక్కువైతే నష్టం తక్కువన్నది ఇక్కడ చెల్లదు. పైసా తీసుకోని ఎల్‌ఎంఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ చాలాకాలం ఇదే లోటు ఉంది. కంపెనీలు ఈ గీతలను అటూ ఇటూ జరుపుతూనే ఉంటాయి కాబట్టి, ఎవరో ఎప్పుడో చెప్పింది నమ్మకుండా కొనే రోజున పోలిక పట్టికను చివరి వరసదాకా చదవడమే రక్ష.

■ బాక్స్: పైసా ఖర్చు లేకుండా గొంతు రికార్డు చేయాలంటే

ఆడాసిటీ: 2000 సంవత్సరం నుంచి అందుబాటులో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. గొంతు రికార్డు చేయడానికి, కత్తిరించి అతకడానికి చాలు. కంప్యూటర్ వాయిద్యాలతో పాట కట్టడానికి అనువైంది కాదు.
వేవ్‌ఫామ్ ఫ్రీ: ట్రాకుల సంఖ్యకు పరిమితి లేదు.
ప్రో టూల్స్ ఇంట్రో: 2022 నుంచి ఉచితం. 8 ఆడియో ట్రాకులు, 8 వాయిద్య ట్రాకులు, 8 మిడి (స్వరాల సంకేతాలు) ట్రాకులు.
గ్యారేజ్‌బ్యాండ్: యాపిల్ ఫోన్లు, కంప్యూటర్లు ఉన్నవాళ్లకు ఉచితం.
బ్యాండ్‌ల్యాబ్: ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది. బాణీ మరిచిపోకముందే పట్టుకోవడానికి పనికొస్తుంది.
రీపర్: ఉచితం కాదు. 60 రోజులు ఏ పరిమితీ లేకుండా వాడి చూడవచ్చు. సేవ్ చేసింది తిరిగి తెరుచుకుంటుంది.

మన పాటకు ఎన్ని ట్రాకులు కావాలి?

ఖరీదైన ఎడిషన్ కొనడానికి చెప్పే మొదటి కారణం ట్రాకుల సంఖ్య. దాన్ని మన పాటతోనే లెక్కవేసి చూద్దాం. బతుకమ్మ పాటలో ముందుపాట ఒక గొంతు, అది ఒక ట్రాకు. వెనకపాటను మిగతావాళ్లు కలిసి ఒకే మైకులో పాడితే ఒకటి, గుంపు నిండుగా వినపడాలని అదే మళ్లీ పాడిస్తే రెండు. చప్పట్లకు ఒకటి, డోలక్‌కు రెండు, కీబోర్డుకు రెండు. మొత్తం ఎనిమిది. మార్కండేయ స్వామి పాటకు హార్మోనియం, తాళాలు, తబలా కలిపినా పన్నెండు దాటడం అరుదు. 16 ట్రాకులిచ్చే లైవ్ ఇంట్రో సరిపోతుంది. ఉచితంగా వచ్చే ప్రో టూల్స్ ఇంట్రోలో కూడా ఆ బతుకమ్మ పాట కచ్చితంగా ఇముడుతుంది.

తక్కువ ట్రాకులతో గొప్ప పాట రాదన్న అనుమానానికి చరిత్రే జవాబు. బీటిల్స్ బృందం 1967లో విడుదల చేసిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ను లండన్ ఈఎంఐ స్టూడియోలో నాలుగు ట్రాకుల యంత్రాలమీదే తయారుచేశారు. నాలుగూ నిండగానే వాటిని ఒకటిగా కలిపి మరో టేపుమీదికి దించి, మిగిలిన ట్రాకుల్లో మళ్లీ రికార్డు చేసేవాళ్లు. 1979లో టియాక్ కంపెనీ పోర్టాస్టూడియోను తెచ్చి, మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకుల రికార్డింగును ఇంటికి చేర్చింది. అప్పటి సంగీతకారులు పరిమితికి తగ్గట్టు ముందే ఆలోచించి పాడారు. ఏ ఉచిత ఎడిషన్‌లోనైనా ఇదే పని ఇప్పుడూ చేయవచ్చు. కుదిరిన నాలుగు కోరస్ ట్రాకులను ఒకటిగా కలిపేస్తే మూడు ఖాళీ అవుతాయి.

మగ్గం తెలిసినవాళ్లకు ఇది కొత్త లెక్క కాదు. చద్దరు మీద నెమలి కావాలంటే బొమ్మలు నేసే జకార్డు కావాల్సిందే. సాదా టవలు నేసే మగ్గానికి జకార్డు బిగిస్తే టవలు నాణ్యత పెరగదు, అప్పు పెరుగుతుంది. ఏ బట్ట నేయాలో తేల్చుకున్నాకే మగ్గానికి ఏం బిగించాలో తేలుతుంది.

ఏ ఎడిషనూ తీర్చలేని కష్టం

అశోక్ చౌక్‌లో పాటకు అసలు శత్రువు మరమగ్గం మోత. పాత షటిల్ మగ్గం దగ్గర మాట వినపడాలంటే చెవి పక్కన అరవాలి. ఈ మోతను సాఫ్ట్‌వేర్ తీసేస్తుందనుకుని ఖరీదైన ఎడిషన్, దానిమీద ఇంకో ఖరీదైన ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు పనిముట్టు) కొనేవాళ్లుంటారు. నాయిస్ తగ్గించే మామూలు ఎఫెక్టు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ ఆశ పెట్టుకోరు. అది మొదట మాటల్లేని చోట వినిపించే నిలకడైన శబ్దాన్ని గుర్తుపడుతుంది, తర్వాత పాటంతటిలోంచి దాన్ని తీసేస్తుంది. ఫ్యాను హోరు, కరెంటు రొద లాంటివాటికి ఇది సరిపోతుంది. ఆడాసిటీలో ఆ సదుపాయం ఉచితంగానే ఉంది. షటిల్ దెబ్బ నిలకడైన హోరు కాదు. క్షణక్షణం కొడుతూ, ఆగుతూ, గొంతు పలికే పౌనఃపున్యాల్లోనే పడుతుంది. దాన్ని గట్టిగా తీస్తే గొంతులోని జీవం కూడా పోతుంది.

ఈ కష్టానికి పరిష్కారం గదిలో ఉంది. మగ్గాలు ఆగే వేళ చూసుకుని పాడటం మొదటిది. దూరం శబ్దాలను కూడా పట్టేసే కండెన్సర్ మైకుకు బదులు, నోటికి దగ్గరగా పెట్టుకుని పాడే డైనమిక్ మైకు వాడటం రెండోది. నేలగుండా వచ్చే అదురు మైకు స్టాండు ఎక్కకుండా కింద మందపాటి ఫోమ్ ముక్క వేయడం, 80 హెర్ట్జ్‌కు దిగువ ఉన్న గుడగుడను ఫిల్టరుతో కోసేయడం మూడోది. ఈ ఫిల్టరు ఉచిత సాఫ్ట్‌వేర్లలోనే దొరుకుతుంది. నాలుగోదానికి సోలాపూర్ ఇల్లు పెట్టి పుట్టింది. మందమైన చద్దర్లు, టెర్రీ టవళ్లు పాడేవారి వెనకా పక్కలా వేలాడదీస్తే ఖాళీ గది ప్రతిధ్వని తగ్గుతుంది. అవి బయటి మోతను ఆపలేవు, కానీ గది లోపలి గొంతును శుభ్రం చేస్తాయి. ఇలా పట్టిన గొంతు ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా బాగుంటుంది. మోత మధ్య పట్టిన గొంతు 749 డాలర్ల ఎడిషన్‌లోనూ మోతలాగే ఉంటుంది.

■ బాక్స్: కొనేముందు వేసుకోవాల్సిన రెండు లెక్కలు

చోటు: 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి దాదాపు 8 మెగాబైట్లు. అయిదు నిమిషాల పాట, పది ట్రాకులైతే 400 మెగాబైట్లు. ఒక్కో ట్రాకును మూడుసార్లు రికార్డు చేస్తే 1,200. పాత లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఖాళీ చోటు చూసుకోవాలి.
ఆలస్యం: పాడిన గొంతు హెడ్‌ఫోన్‌లోకి ఆలస్యంగా వస్తే తాళం తప్పుతుంది. బఫర్ (శబ్దాన్ని కంప్యూటర్ కాసేపు పట్టి ఉంచే చోటు) 1024 శాంపిళ్లుంటే ఆ ఒక్క మెట్టులోనే 23 మిల్లీసెకన్లు పోతాయి, 128 అయితే 3 మిల్లీసెకన్లు. ఈ ఆలస్యం కంప్యూటర్, సౌండ్ కార్డు, దాని డ్రైవర్ మీద ఆధారపడుతుంది. ఎడిషన్ పెంచితే తగ్గదు.

“తర్వాత ఎలాగూ పెద్దది కొనాలి కదా!”

చిన్న ఎడిషన్ చాలన్న మాటకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఇదే. చిన్నదానితో మొదలుపెట్టి అలవాటు పడ్డాక పెద్దదానికి మారితే రెండుసార్లు డబ్బు, రెండుసార్లు చదువు కదా అంటారు. డబ్బు సంగతి మొదట. ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కింది ఎడిషన్ నుంచి పైదానికి మారడానికి అప్‌గ్రేడ్ ధర వేరుగా ఉంటుంది, పూర్తి ధర మళ్లీ కట్టనక్కర్లేదు. పైగా సౌండ్ కార్డు కొంటే దాని డబ్బాతోనే ఏబుల్టన్ లైవ్ లైట్, క్యూబేస్ ఎల్ఈ లాంటి చిన్న ఎడిషన్లు ఉచితంగా రావడం మామూలు. చాలామంది ఆ డబ్బాలోని కోడును చూడకుండానే అదే సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొంటారు. చదువు సంగతికొస్తే, మైకును ఎంత దూరంలో పెట్టాలి, లెవెల్ ఎర్రగీత తాకకుండా ఎలా ఉంచాలి, మంచి టేకును ఎలా గుర్తుపట్టాలి అన్నవి ఏ సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్నా వృథా పోవు. మారేది మెనూల స్థానం మాత్రమే.

రెండో అభ్యంతరం స్టూడియోలది. హైదరాబాద్‌లోనో పుణేలోనో మిక్సింగ్ చేయించాలంటే వాళ్లు వాడే సాఫ్ట్‌వేరే మన దగ్గరా ఉండాలని చెబుతారు. ఉండనక్కర్లేదు. ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి వేవ్ ఫైలుగా విడివిడిగా తీసి పంపితే ఏ స్టూడియో అయినా వాటిని తన సాఫ్ట్‌వేర్‌లో పేర్చుకుంటుంది. మన ట్రయల్ కాపీ కథలోని పిల్లవాడు ఆ రాత్రే ఈ పని చేసి ఉంటే అవ్వ గొంతు అతనికి దక్కేది. లైసెన్సు గడువు ముగిసినా, కంపెనీ మూతపడినా, సాఫ్ట్‌వేర్ మారినా వేవ్ ఫైలు తెరుచుకుంటుంది. కాబట్టి ఏ ఎడిషన్ కొన్నా దానిలో మొదట చూడాల్సిన గుణం ఇది: విడి ట్రాకులను ఏ ఆంక్షా లేకుండా బయటికి ఇస్తుందా?

మూడోది నేరుగా ఎవరూ రాయని, అందరూ నోటితో చెప్పే వాదన: క్రాక్ కాపీ ఉండగా ఇదంతా ఎందుకు? పేదవాడికి 749 డాలర్ల సరుకు మరో దారిలో అందదన్న ఆక్రోశం అందులో ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ సరుకు ఆ పాటకు అవసరమే లేదని ఇప్పటిదాకా లెక్క చూశాం. అవసరం లేనిదాన్ని దొంగదారిలో తెచ్చుకోవడంలో లాభం ఏముంది? క్రాక్ ఫైలు నడవాలంటే యాంటీవైరస్‌ను ఆపమంటుంది. ఇంటి బ్యాంకు ఖాతా, పిల్లల చదువు, పాటల ఫైళ్లు అన్నీ ఒకే లాప్‌టాప్‌లో ఉన్న ఇంట్లో అది ఎంత పెద్ద జూదమో ఆలోచించాలి. అప్‌డేట్ రాదు, చెడితే అడిగేవాడు ఉండడు, ఆ పాట సంపాదించడం మొదలుపెట్టిన రోజున చట్టం కూడా ఎదురవుతుంది. తన పాటను ఎవరో ఎత్తుకుపోయి సొంత ఛానల్లో పెట్టుకుంటే కళాకారుడు న్యాయం అడుగుతాడు. ఆ న్యాయం సాఫ్ట్‌వేర్ రాసినవాడికీ వర్తించాలి.

■ బాక్స్: చట్టం ఏమంటుంది?

కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా 50,000 రూపాయల వరకు జరిమానాతో సరిపెట్టవచ్చు.

రూపాయికి వరస

ఇన్ని లెక్కల తర్వాత తేలే వరస ఇది. మొదటి రూపాయి మైకుకు, సౌండ్ కార్డుకు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్‌కు. రెండో రూపాయి గదికి, అది సోలాపూర్‌లో దాదాపు ఖర్చులేని పని. ఆ తర్వాత ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండు మూడు పాటలు పూర్తిచేయాలి. ఆ పనిలో ఏదైనా తలుపు నిజంగా అడ్డుపడితే దాని పేరు కాగితం మీద రాసుకోవాలి: ట్రాకులు చాలలేదా, వాయిద్యాలు చాలలేదా, గొంతు శ్రుతి సరిచేసే సౌకర్యం లేదా? ఆ ఒక్క తలుపు తెరిచే ఎడిషన్లలో అన్నిటికంటే చిన్నదాన్ని అప్పుడు కొనాలి. అడ్డేదీ పేరు పెట్టి చెప్పలేకపోతే కొనే వేళ ఇంకా రాలేదన్నమాట. కొనడం తప్పదనుకున్న ఇంటికి, సుమారు అయిదు వేల రూపాయలకు ఏ తలుపూ మూయకుండా ఇచ్చే 60 డాలర్ల రీపర్ లైసెన్సును మించిన బేరం ఇవాళ కష్టం.

ఇది ఒక్క ఇంటి బాధ్యతగానే మిగలాల్సిన అవసరం లేదు. సోలాపూర్ తెలుగువాళ్లు బడులు, గుళ్లు, సహకార సంఘాలు కట్టుకున్నవాళ్లు. ఒక కుల సంఘమో, యువజన మండలో మగ్గాల మోతకు దూరంగా ఒక గదిని చద్దర్లతో సిద్ధంచేసి, ఒక మైకు, ఒక సౌండ్ కార్డు, ఒక పాత కంప్యూటర్, ఒక నిజాయతీ లైసెన్సు పెడితే పేటలోని ప్రతి అవ్వ పాటా అక్కడ నమోదవుతుంది. ఏడాదికోసారి పండుగ మండపానికి అద్దెకు తెచ్చే లౌడ్‌స్పీకర్ల ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే చాలు. పెద్ద ఎడిషన్ కోసం డబ్బు కూడేదాకా ఆగవచ్చు, అవ్వ గొంతు మాత్రం ఆగదు. ఈ బతుకమ్మకు ఆ పాటలు రికార్డు కావాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనైనా సరే, విడి ట్రాకులుగా, వేవ్ ఫైళ్లుగా, రెండు చోట్ల దాచి.